ఆయనకు వినపడని ఇంజన్

ఇప్పటి కార్లలో, ఇంజన్ లోపల తిరిగే క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు ఏ క్షణాన ఎక్కడ ఉందో పసిగట్టే సెన్సర్ ఉంటుందట. మా కాలంలో ఆ లెక్క చూసుకునేవి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు. క్యామ్‌షాఫ్ట్ తిరుగుతుంటే అవి తెరుచుకుని మూసుకుంటూ, ప్లగ్గుల్లో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో నిర్ణయించేవి. అవి సరిగ్గా కుదిరాయో లేదో మా ఆయన చెవితోనే చెప్పేవాడు.

ఎనభైల మొదట్లో ఆయన జహీరాబాద్‌లో కిరాయి కారు నడిపేవాడు. నలభై దాటకముందే వినికిడి తగ్గసాగింది. ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఎదురుగా నిలబడితే నా పెదవులు చూసి జవాబిచ్చేవాడు. డ్రైవర్‌కు చెవులు పోయాయంటే బండి ఎవరెక్కుతారని ఆయన భయం. అది తెలిసే నేను తెలియనట్టు ఉండిపోయాను.

ఒకరోజు అల్లం పండించే ఒక పెద్దాయన హుమ్నాబాద్‌కు కారు మాట్లాడుకున్నాడు. కూతురు ప్రసవించింది, మనవరాలిని చూడాలి. మా పుట్టిల్లూ అక్కడే కాబట్టి, ఆ పెద్దాయన్నడిగి నేనూ ముందు సీట్లో కూర్చున్నాను.

చిరాగ్‌పల్లి దాటుతుండగా కారు దగ్గినట్టు కుదిపి ఆగిపోయింది. మా ఆయన బానెట్ ఎత్తి, పెట్రోలు వస్తోందని చూసుకుని, డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. పాయింట్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి.

"ఇవి ఉత్తగ మాడలె. పక్కనున్న కండెన్సర్ ఖరాబైంది," అన్నాడు.

డిక్కీలోని పెట్టెలో రెండూ ఉన్నాయి. పాతవి విప్పి కొత్తవి బిగించాడు. పాయింట్ల మధ్య సన్నని రేకు దూర్చి ఎడం సరిచూశాడు. తాళం తిప్పితే ఇంజన్ స్టార్టయింది. ఇక మిగిలింది టైమింగ్, అంటే నిప్పురవ్వ సరైన క్షణానికి పడేలా కుదర్చడం. డిస్ట్రిబ్యూటర్‌ను పట్టుకుని అటూ ఇటూ కొంచెం తిప్పుతూ, చప్పుడు ఒక్క తీరుగా వచ్చినచోట బిగించాలి. ఇంతకుముందు ఆ పని కళ్లు మూసుకుని చేసేవాడు. ఆ రోజు కళ్లు పెద్దవి చేసుకుని ఇంజన్‌నే చూస్తున్నాడు. చివరికి, "అయింది, సక్కగున్నది," అంటూ పానా అందుకున్నాడు.

సక్కగా లేదు. చప్పుడు మధ్యమధ్యలో తప్పుతోంది, నాకు స్పష్టంగా వినిపిస్తోంది. వెనక సీట్లో పెద్దాయన ఉన్నాడు. ఆయన ముందు ఎలా చెప్పను?

దిగి మా ఆయన పక్కన నిలబడి, ఆయన ముంజేతి మీద వేళ్లతో ఇంజన్ చప్పుడుకు తగ్గట్టు తాళం వేయసాగాను. చప్పుడు తప్పినప్పుడల్లా వేళ్లు ఆపాను. ఆయన ఉలిక్కిపడి నా ముఖంలోకి చూశాడు. పానా కింద పెట్టి, మళ్లీ మెల్లగా తిప్పాడు. తప్పడం తగ్గింది. ఇంకొంచెం తిప్పాడు. నా వేళ్లు ఆగకుండా కొట్టసాగాయి. అక్కడ బిగించాడు.

"ఎప్పట్నుంచి ఎర్కనే నీకు?" అన్నాడు తల ఎత్తకుండా.

పెదవులు కనిపించేలా వంగి, "శానా దినాలాయె," అన్నాను.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, మసిచేతులతో తుడుచుకోలేకపోయాడు. నా కొంగుతో తుడిచాను.

పెద్దాయన కిటికీలోంచి తొంగిచూసి, "తొందరేం లేదు బిడ్డా, జర నెమ్మదిగనే చూస్కోన్రి," అన్నాడు. ఆయనకు ఎంత అర్థమైందో ఏమో.

మళ్లీ బయలుదేరాక వెనక ఒక లారీ చాలాసేపు హారన్ కొట్టింది. ఆయన దారి ఇవ్వలేదు. నేను భుజం తట్టి వెనక్కి చూపిస్తే ఒక్కసారిగా పక్కకు తీశాడు. లారీ మమ్మల్ని ఒరుసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. తరువాత హుమ్నాబాద్ దాకా నెమ్మదిగా, రోడ్డు అంచునే నడిపాడు.

తిరిగొచ్చాక మా ఆయన కారు నడపడం మానేశాడు. "నా ఒక్కని పానమైతే ఏమో గని, ఎక్కినోళ్ల పానాలు గూడ నా చేతులనే ఉంటయి గద," అన్నాడు. కొన్నాళ్లు తిండి సగమే తినేవాడు. ఆ తర్వాత తనంతట తానే హైవే పక్కన రేకుల షెడ్డు వేసి రిపేర్లు మొదలుపెట్టాడు.

పాయింట్లు మార్చాల్సిన బండి వచ్చినప్పుడు నన్ను పిలిపించేవాడు. మొదట్లో సిగ్గుపడి ఏదో సాకు చెప్పేవాడు. తర్వాత అదీ మానేసి, బండివాళ్లతో దాపరికం లేకుండా, "నాకు ఇనవడది. మా ఇంటామె ఇంటది, నేను తిప్పుత," అనేవాడు. బండివాళ్లు నాకు స్టూలు జరిపేవారు.