గాజు గొట్టం

ఆయన ఆళ్లగడ్డ నుంచి వచ్చిన రోజే నా కడుపు మండింది. దాచేదేముంది! డెబ్బైల చివర అది. నంద్యాలలో వడ్లు ఉడకబెట్టే మిల్లులో అప్పటికే ఏడేళ్లుగా బాయిలర్ నడుపుతున్నాను. పొయ్యిలోకి ఊక ఎగదోసీ ఎగదోసీ నా కనుబొమలు కాలిపోయాయి. అదే పనికి వచ్చిన ఆయనకేమో బాయిలర్ సర్టిఫికెట్ ఉంది, ఇస్త్రీ చొక్కా ఉంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి కదా. షావుకారు నన్ను 'ఏందిరా' అనేవాడు, ఆయన్ని 'రాప్పా, కూచో' అనేవాడు. బాయిలర్ పక్కకి స్టూలు కూడా ఆయన వచ్చాకే వచ్చింది. ఆయన లేనప్పుడు కూడా నేను దానిమీద కూర్చోలేదు.

అంతలో మా పెద్ద మేస్త్రీ ముసలితనం వల్ల పని మానుకున్నాడు. ఆ పని మా ఇద్దరిలో ఒకరికే. నాకు రావాలి, ఆయనకు రాకూడదు. రెండోదే ఎక్కువ కోరుకున్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బాయిలర్‌లో నీళ్లు ఎంతున్నాయో పక్కనున్న గాజు గొట్టంలో కనిపిస్తుంది. డ్యూటీకి వచ్చినవాడు కింది కుళాయి తిప్పి, గొట్టంలో నీళ్లు వదిలేసి, కట్టేశాక మళ్లీ పైకి ఎక్కుతాయో లేదో చూడాలి. మిగతావాళ్లు నా మాట నమ్మి ఊరుకునేవాళ్లు. ఆయన ఒక్కరోజూ చూడకుండా వదిలేవాడు కాదు. నేనంటే లెక్కలేదు వీడికి అని పళ్లు కొరుక్కునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు ఆయన చెయ్యి కుళాయిమీదికి పోతుంటే అడ్డం పడ్డాను.

"నేను సూసినా లేప్పా. సగానికి ఉండాయి నీళ్లు. దినామూ ఏందీ నీ పరీక్ష?"

నిజానికి మూడు రోజులుగా నేను చూడలేదు.

"నీమీద గాదన్నా. ఒగోసారి గాజే అబద్ధం జెప్తాది" అంటూనే తిప్పాడు.

నీళ్లు కారిపోయాయి. మళ్లీ ఎక్కలేదు. గొట్టంలోకి వచ్చే దారి మడ్డి పట్టి మూసుకుపోయి పాత నీళ్లే అందులో నిలబడి ఉన్నాయి. లోపల నీళ్లు ఎప్పుడో అడుగంటాయి. కంగారులో నీళ్ల పంపు వేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టి లాగేశాడు.

"వద్దన్నా! కాలిన ఇనుముమీద సన్నీళ్లు పడితే పేల్తాది. నిప్పు బయటికి లాగు, బిరీన!"

ఇద్దరం పారలతో నిప్పంతా బయటికి లాగాం.

షావుకారు పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందప్పా? ఎవురు కనిపెట్టినారు?"

ఆయన ఒక్క మాటతో నన్ను గేటు బయట నిలబెట్టగలడు.

"ఇద్దరం సూసినామప్పా" అన్నాడాయన, నావైపు చూడకుండానే.

పెద్ద మేస్త్రీ పని ఆయనకే ఇచ్చారు. ఇస్తారు మరి. రెండేళ్లు చేసి, సొంతూళ్లో కొత్త మిల్లు పడితే ఆళ్లగడ్డకు పోయాడు. అప్పుడు నాకొచ్చింది ఆ పని, స్టూలుతో సహా. దానిమీద కూర్చున్నప్పుడల్లా 'ఇద్దరం సూసినాం' అన్న ఆయన మాటే గుర్తొచ్చేది. ఆ మధ్యాహ్నం నిజం చెప్పి నన్ను తీసేయించి ఉంటే బతికినంతకాలం ఆయన్ని హాయిగా తిట్టుకునేవాణ్ణి. అది కూడా లేకుండా చేశాడు.