పోటీకి పంపిన ఏడుపు

ఆరేళ్లుగా ఒక దొంగతనాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా మర్యాదే. నిజానికి దాని మీద బతికాను. ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకునేవాణ్ణి. దానికి జనం వినయం అని పేరు పెట్టారు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మా బ్యాండు నాచారంలో, మూతపడిన ఒక ప్లాస్టిక్ కంపెనీ షెడ్డులో పుట్టింది. నేను గిటారు, పాట. మల్లేశ్ డప్పు. ఇంకో ఇద్దరు. జానపదాన్నీ రాక్‌నూ కలిపి వాయించేవాళ్లం. దేశంకాని దేశంలో జరిగే పాటల పోటీకి మొదటిసారి వెళ్లాం. గెలవలేదు. కానీ మా పాటకు హాలంతా లేచి గెంతింది. ఉప్పల్ స్టేడియం దగ్గర మ్యాచ్ రోజుల్లో ఇప్పటికీ ఆ పాటే మోగుతుంది.

ఆ వరుస నాది కాదు.

పోటీకి పాట పంపాల్సిన గడువు ముంచుకొచ్చింది. నా బుర్రలో ఏమీ లేదు. ఆ వారమే మల్లేశ్ వాళ్ల నాన్న పీర్జాదిగూడలో, తాపీపని చేస్తూ చేస్తూ గుండె ఆగి పోయాడు. వెళ్లాం. మల్లేశ్ తల్లి యాదమ్మ శవం పక్కన కూర్చుని శోకాలు పెడుతోంది. మా దగ్గర ఆడవాళ్ల ఏడుపు రాగంతోనే వస్తుంది కదా, పోయినవాడు ఏం తినేవాడో, ఏమని తిట్టేవాడో, అన్నీ వరుస కట్టి అతన్నే అడుగుతారు. ఆమె గొంతు పైకి పోయి, అక్కడ ఆగి, ఒక్కసారిగా కిందికి పడిపోతోంది. నా ఒళ్లు జలదరించింది. దుఃఖంతోనా? కాదు. దొరికింది అనుకున్నాను. చొక్కా జేబులో ఉన్న ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాను.

మాటలు మార్చాను, వేగం పెంచాను. దరఖాస్తులో సంగీతం అన్నచోట నా పేరు రాశాను. కర్మలు అయ్యాక మల్లేశ్ షెడ్డుకొచ్చి విన్నాడు, తల్లి ఏడుపని పోల్చుకోలేదు. "మస్తున్నదన్నా" అని డప్పు అందుకున్నాడు. కన్నతండ్రి చావు ఏడుపుకు వాడే దరువు వేశాడు. అప్పుడైనా చెప్పాలనిపించలేదా? అనిపించింది. పోటీ అయ్యాక చెబుదాం అనుకున్నాను. పోటీ అయ్యాక సన్మానాలు మొదలయ్యాయి. ఇక ఇప్పుడెందుకులే అనుకున్నాను.

సంవత్సరీకానికి మల్లేశ్ ఇంటికి పిలిచాడు. భోజనాలయ్యాక యాదమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. దొరికిపోయాననుకున్నాను.

"నీ పాట ఇంటే కండ్లల్ల నీళ్లాగయి బిడ్డా. ఏడ నేర్సినవ్?"

"నేనే కట్టిన అమ్మా."

"మంచిగ కట్టినవ్. మా ఆయన పోయిన్నాడు నాకు సోయి లేదు. ఏడ్సిన్నో లేదో సుత యాదికి లేదు. మనిషి పోతే సక్కగ ఏడ్వకపోతినని గదే రంది. నీ పాట అప్పటికి ఉండుంటే, గట్లనే ఏడుస్తుంటి. జర పాడు బిడ్డా."

తిడుతుందేమో, చెంప పగలగొడుతుందేమో అని సిద్ధంగా ఉన్నాను. దీనికి సిద్ధంగా లేను. ఇది నీ ఏడుపే అమ్మా అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. పాడాను. దండ వేసిన ఫోటో ముందు కూర్చుని, ఆమె దుఃఖాన్ని ఆమెకే నా పాటగా పాడాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లేచి పోతుంటే నా తల నిమిరింది. ఎలాంటి మనిషిని నేను?

ప్రతి ఏడూ పిలుస్తారు. ప్రతి ఏడూ పాడతాను. రేపే వెళ్లి చెప్పేస్తానని మీకు మాటివ్వను, నా పిరికితనం నాకు తెలుసు. క్షమించమనీ అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఆమెకే గుర్తులేని ఒక నిజాన్ని, కనీసం ఒక్కరి ముందైనా పెట్టాలి.

యాదమ్మ ఏడ్చింది. పొద్దుటి నుంచి శవాన్ని లేపేదాకా, గొంతు పోయేదాకా, భర్త కోసం చక్కగా ఏడ్చింది. నేను అక్కడే ఉన్నాను. విన్నాను.