కూర్మయ్య తీసిన పట్టీలు

మా అక్క మొగుడు కూర్మయ్యకు పట్టీలు వెయ్యడమే తెలుసు. రామయ్యపట్నంలో వల వదిలేసి బరంపురం వచ్చిన నాటినుంచి లారీల కింద పడుకుని, గతుకుల్ని ఓర్చే స్ప్రింగు కమాను కట్టలకు పట్టీలు బిగించడమే బతుకు. ప్రతి డ్రైవరూ ఒడియాలో ‘ఆఉ గొటే’ అనేవాడే, ఇంకొకటి వెయ్యమని. ఎన్ని ఇనుప పట్టీలుంటే లారీ అంత బరువు మోస్తుంది. ముప్పై ఏళ్లు అదే చాకిరీ. ఒంట్లో ఓపిక అయిపోయింది.

ఎనభై నాలుగులో వైకుంఠరావు తన పాత వ్యాను తెచ్చాడు. అదే ఆయన ఇల్లు. లోపల రెండు మంచాలు, స్టవ్వు, పైకప్పు మీద నీళ్ల డ్రమ్ము. భార్య జగ్గమ్మతో సంతసంతకూ తిరిగి గాజులు అమ్మేవాడు. ఆవిడ వెన్నుకు ఆపరేషనయ్యాక చిన్న గతుక్కి కూడా ప్రాణం విలవిల్లాడేది. ఆదివారం వచ్చి చెల్లెల్ని తీసుకుపోతానని ఆవిడ అన్న అప్పలస్వామి కబురు పెట్టాడు. ఇక ఆయనొక చోట, ఆవిడొక చోట.

“మలుపులో ఊగిపోతంది, గతుకులో ఎగిరిపోతంది. ఏటైనా సెయ్యి కూర్మయ్యా,” అన్నాడు వైకుంఠరావు.

మా మొద్దు బావ ఏం చేశాడు? అలవాటుకొద్దీ మరో రెండు పట్టీలు ఎక్కించాడు! గేట్ బజార్ దాకా వెళ్లొచ్చేసరికి జగ్గమ్మ పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకుంది.

“నాను మనిషినా, ఉప్పు బస్తానా? నువ్వొకపాలి పడుకో, తెలుస్తాది,” అంది.

బావకు తల కొట్టేసినట్టయింది. నిజంగానే ఆ మంచం మీద పడుకున్నాడు. వైకుంఠరావు ఫర్లాంగు తోలాడో లేదో “ఆపండి బాబూ, సచ్చాను!” అని కేకేశాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు బళ్లు బాగుచేసినవాడు ఒక్కసారి కూడా వెనకాల ఎక్కి చూడలేదట!

బండి బిరుసు తగ్గాలని, కొత్తగా వేసిన రెండూ మర్నాడు ఊడదీశాడు, పాతవి ఇంకో రెండు తీశాడు. మిగిలినవాటికి తుప్పు గీకి గ్రీజు రాశాడు. టైర్లలో గాలి కాస్త తగ్గించాడు. డ్రమ్ము కిందికి దింపి చక్రాల మధ్యన బిగించాడు.

“నీళ్లు నెత్తినెట్టుకుంటే ఊగదేటి? ఇది సాలకపోతే నా సేతిలో ఇంకేటీ నేదు,” అన్నాడు నీరసంగా.

శనివారం మధ్యాహ్నం అందరం గంజాం బయల్దేరాం. నేను ముందు వైకుంఠరావు పక్కన, బావ వెనకాల జగ్గమ్మకు ఎదురుగా కూర్చున్నాం. రోడ్డు అదే, గతుకులూ అవే. బండి మాత్రం మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది. సగం దూరంలో వెనక్కి చూస్తే జగ్గమ్మ నిద్రపోతోంది. గంజాంలో బండి ఆగగానే లేచింది. నొప్పి ఎలా ఉందని బావే అడిగాడు.

“ఉంది. ఓర్సుకోగల్ను,” అని మొగుడివైపు తిరిగింది. “మా అన్నకి కబురెట్టు. రేపు రావొద్దని సెప్పు.”

వైకుంఠరావు స్టీరింగు మీద తల పెట్టి బావురుమన్నాడు.

“కళ్లు తుడుసుకోండి బాబూ, రోడ్డు కనపడదు,” అని కసిరాడు బావ. తన కళ్లు మాత్రం గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.