అత్తకు పడాల్సిన సూది

ఆళ్లగడ్డలో గోవిందమ్మ ఇంట్లో తలనొప్పి వచ్చే హక్కు ఒక్క గోవిందమ్మకే ఉండేది. రుద్రవరం నుంచి చుట్టాలు వస్తున్నారని కబురందితే చాలు, ఆమె తలకు గుడ్డ బిగించి మంచమెక్కేది. కొడుకు నారాయణ రేడియో కట్టేసి పిల్లిలా నడిచేవాడు. కోడలు సరస్వతి సానరాయి మీద శొంఠి అరగదీసి అత్త నుదుటికి పట్టు వేసేది. వంట ఎటూ కోడలిదే. చుట్టాలు తిరిగి వెళ్తూ వీధి మలుపు దాటగానే గోవిందమ్మ లేచి, ఓళిగలు ఎన్ని మిగిలాయో చూసుకునేది. అంత బుద్ధిమంతురాలైన తలనొప్పి ఆ వీధిలో మరెవరికీ లేదు.

అసలు నొప్పి సరస్వతిది. మెడ వెనక గుంటలో మొదలై, కుడివైపు తల మీదుగా పాకి కంటి వెనక చేరేది. అప్పుడు ఆ వైపు దువ్వెన తగిలినా ప్రాణం పోయినట్టుండేది. అందుకని జుట్టు వదులుగా ముడేసుకుని తిరిగేది. ఇల్లు గుల్ల చేయడానికే అలా జుట్టు వదిలేసిందని అత్త, పని ఎగ్గొట్టే వేషమని మొగుడు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అన్నారు కదా, ఆ ఇంట్లో తలనొప్పులకూ అదే తీర్పు. పెళ్లయిన కొత్తలో ఒకసారి సరస్వతి తనకూ నొప్పిగా ఉందని నోరు తెరిచింది. ఇంటికి ఇద్దరు రోగిష్టులైతే పనెవరు చేస్తారని నారాయణ అడిగాడు. మహా ధర్మరాజు. ఆ తర్వాత ఆమె చెప్పడం మానేసింది. తన తల పగులుతున్నా అత్త తలకు శొంఠి తీసేది.

డెబ్బై తొమ్మిదిలో నంద్యాలకు కొత్త డాక్టరు వచ్చాడు. ఎంత మొండి తలనొప్పినైనా మెడ వెనక ఒక్క సూదితో దించుతాడని ఆళ్లగడ్డ బస్టాండులో కూడా చెప్పుకున్నారు. నారాయణకు మాతృభక్తి పొంగింది, తల్లిని బస్సెక్కించాడు. సంచి మోయడానికి కోడలు. ఆ రోజు సరస్వతికి తెల్లారినప్పటి నుంచే నొప్పి. బస్సు గుంటలో పడినప్పుడల్లా కన్ను ఊడివస్తుందనిపించింది.

డాక్టరు గోవిందమ్మ తలంతా వేలితో నొక్కి చూశాడు. ఎక్కడ నొక్కినా అక్కడే నొప్పి అంది. సరేనని ఆయన సూది తీశాడు. జబ్బకు తప్ప సూది ఎరగని గోవిందమ్మ, అది మెడ వెనక్కని తెలియగానే కుర్చీలోంచి లేచింది. నోరు వంకరపోతే ఎవరిది పూచీ?

"ముందు దీనికేయప్పా," అని కోడలిని ముందుకు తోసింది. "దీనికేం కాకుంటే అప్పుడు నేనేసుకుంటా."

గొడ్డుకైనా ఎవరూ అలా చేయరు. నారాయణకు మాత్రం అందులో తప్పేమీ కనబడలేదు. నొప్పి లేనివాళ్లకు సూది వేయనని డాక్టరు విసుక్కుని, సరస్వతి వైపు తిరిగాడు.

"నీకుందా తల్లీ నొప్పి?"

ఆ ఒక్క ప్రశ్న అడిగే మనిషి కోసం ఆమె నంద్యాల దాకా రావలసి వచ్చింది. జుట్టు పక్కకు తీసి మెడ వెనక గుంట చూపించింది. ఆయన అక్కడ నొక్కగానే కళ్లనీళ్లు బొటబొటా రాలాయి. పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తుమందు లాంటిదే, నరం పక్కన ఇస్తున్నానని చెప్పి సూది వేశాడు. మొదట మంట పుట్టింది. తర్వాత ఆ వైపు తల మొద్దుబారింది. కాసేపటికి కంటి వెనక పోటు ఉందేమోనని వెతుక్కుంది. లేదు. కొన్నాళ్లకు నొప్పి తిరిగి రావచ్చు, వస్తే మళ్లీ రమ్మన్నాడు డాక్టరు.

"నొప్పి పుట్టిందేమే?" అంది గోవిందమ్మ.

"పుట్టిందత్తా. ఎముక దాకా పోయినట్టుండె."

అబద్ధం కాదు. తనకు ఆసుపత్రి గాలి తగిలే తగ్గిపోయిందంటూ గోవిందమ్మ చెప్పులేసుకుంది. తిరుగు బస్సులో నారాయణ ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆళ్లగడ్డలో దిగబోతూ పెళ్లాంతో ఒక్క మాటన్నాడు. "అమ్మకని పోతే, సూది నువ్వేసుకుంటివే."

మర్నాడు సరస్వతి రెండు వైపులా బిగించి దువ్వి జడేసుకుంది. బాగుందని ఎవరూ అనలేదు. ఆమెకు మాత్రం చాలా సంతోషంగా ఉంది.

దసరా ముందర నొప్పి తిరిగొచ్చింది. ఆ పూటే రుద్రవరం చుట్టాలూ వస్తున్నారు. గోవిందమ్మ తలకు గుడ్డ కట్టి, శొంఠి తీయమని కేకేసింది. సరస్వతి సానరాయి దగ్గరికి పోలేదు. సంచి తగిలించుకుని మంచం పక్కన నిలబడింది.

"నాకు తలనొప్పిగా ఉందత్తా. నంద్యాలకు పోతాండా. నువ్వూ రా, ఇద్దరమూ ఏయించుకుందాం."

గోవిందమ్మ చెయ్యి తనంతట తానే మెడ వెనక్కి పోయింది. తనకు తగ్గిందిలే, నువ్వు పో అని గుడ్డ విప్పేసింది. వచ్చేవాళ్లకు వంటెవరు చేస్తారని నారాయణ అడ్డం వచ్చాడు.

"అత్తకు తగ్గిందంట గదా," అని సరస్వతి బస్టాండు దారి పట్టింది.