నేను రాసిన నామినేషన్

ఆ నామినేషన్ రాసింది నేనే. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త తేలికవుతుంది.

తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మాది పౌరోహిత్యం, పంతులు ఉద్యోగాలు తప్ప వేరే తెలియని కుటుంబం. మా నాన్నగారు సంస్కృతం మేష్టారు. ఆయన దగ్గర చదువుకుని, మా ఇంట్లోనే రెండేళ్లు భోంచేసి పైకొచ్చిన ఒకాయన ఏలూరులో స్వచ్ఛంద సంస్థ పెట్టారు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అని పిలుస్తాను. ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు. నాన్నగారు పోయినప్పుడు మా వాళ్లకంటే ముందు వచ్చి గుమ్మంలో నిలబడింది ఆయనే.

ఆయన సంస్థ కొల్లేరు లంక గ్రామాల్లో పనిచేసేది. విదేశాల నుంచి ఎవరైనా చూడటానికి వస్తే వాళ్లకు ఇంగ్లీషులో మాట అందించడానికి నన్ను పిలిచేవారు. ఆదివారాలు పొద్దున్నే బస్సెక్కి, ఉంగుటూరు మీదుగా ఏలూరు చేరి, అక్కణ్నించి వాళ్ల జీపులో సరస్సు దగ్గరికి వెళ్లేదాన్ని. పదేళ్ల పైనే అలా తిరిగాను. ఎప్పుడూ విసుగనిపించలేదు.

అందరూ అక్క అని పిలిచే ఆవిడ పరిచయమైంది అలా వెళ్లినప్పుడే. యాభై దాటిన మనిషి. చేపల బుట్ట మోసి మోసి మెడ కాస్త ముందుకు వంగి ఉండేది. చుట్టూ నీళ్లున్న చిన్న ఊరు వాళ్లది. వానాకాలం ఏర్లు పొంగి సరస్సులో పడితే రోడ్డు మునిగిపోతుంది, పదిహేను ఇరవై రోజులు పడవలే దిక్కు. ఆ రోజుల్లో నెలలు నిండిన ఆడవాళ్ల సంగతేమిటి? దానికి అక్క ఒక పద్ధతి పెట్టింది. ఎనిమిదో నెల పడిన ఆడమనిషి ఉన్న ఇంటి ముందు వెదురుగడకు ఎర్రగుడ్డ కట్టాలి. నీళ్లు పెరుగుతున్నాయనగానే పడవలున్న వాళ్లందరూ ముందు ఆ ఇళ్లకే వెళ్లాలి. నొప్పులు వచ్చేదాకా ఆగకూడదు. ఆ ఆడమనిషిని ఎక్కించుకుని రోడ్డు తేలిన చోట దింపి, ఏలూరు ఆసుపత్రికి చేర్చాలి. ఇంతే. ఈ పద్ధతి ఆవిడకు ఎవరూ నేర్పలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆవిణ్ని చూసి నేర్చుకున్నాయి. సంస్థ ఆ ఊళ్లో అడుగుపెట్టేనాటికే ఎర్రగుడ్డలు ఎగురుతున్నాయి. నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఒకరోజు అన్నయ్యగారు ఫోన్ చేశారు.

"చెల్లెమ్మా, పేదల కోసం, ఆపదల్లో ఉన్నవాళ్ల కోసం పనిచేసేవాళ్లకి అంతర్జాతీయంగా ఒక అవార్డు ఇస్తారు. మన అక్క పేరు పంపిద్దాం. రాయడం నీవల్లే అవుతుంది."

నాకు ఎంత సంతోషం వేసిందో! చేపలమ్ముకునే మనిషి పేరు ఎక్కడో పెద్ద సభలో చదువుతారని ఊహించుకుని, ఆ వారమంతా క్లాసులో కూడా ఉత్సాహంగా ఉన్నాను.

మూడు ఆదివారాలు అక్క ఇంటికి వెళ్లి కూర్చున్నాను. ఆవిడ చేపలు తోముతూ చెబుతుంటే నేను రాసుకునేదాన్ని. మూడో వారం, "అసలీ ఆలోచన మీకు ఎలా వచ్చిందక్కా?" అని అడిగాను. కత్తిపీట పక్కన పెట్టింది. ఇంట్లో ఎవరూ లేరని ఓసారి లోపలికి చూసి వచ్చింది.

"మాకో పిల్లుండేదండి" అంది.

కూతురు పురిటికి వచ్చింది. నీళ్లు పెరుగుతున్న రోజు. మధ్యాహ్నం ఆ పిల్ల, అమ్మా, నడుం పట్టేస్తోంది, ఆసుపత్రికి పోదామే అంది. అక్క, ఇంకా రోజులున్నాయిలే, తిన్నదరక్క పట్టేసింది, కాస్త వాము నమలమని చెప్పి వేటకు దిగిన మొగుడికి కూడు పట్టుకెళ్లింది. పొద్దువాలే వేళకు వచ్చేసరికి పిల్ల చాపమీద మెలికలు తిరిగిపోతోంది. పడవలో వేసుకుని బయల్దేరారు. రోడ్డు అందకముందే తల్లీబిడ్డా ఇద్దరూ పోయారు. మొదటి ఎర్రగుడ్డ ఆ పిల్ల చీరలోంచి చింపిందే.

"మజ్జాన్నమే చెప్పిందన్న సంగతి మా ఆయనక్కూడా తెలీదండి. నేనొచ్చేసరికే నొప్పులు మొదలైపోయినియ్యని చెప్పాను. పద్నాలుగేళ్లనించి నాలోనే దాచుకున్నాను. ఇది మటుకు రాయకండి టీచరుగారండీ" అంది.

"రాయనక్కా" అన్నాను.

నామినేషన్‌లో రాయలేదు. అంతవరకూ నిజం. కానీ నామినేషన్ పంపిస్తూ అన్నయ్యగారికి ఒక ఉత్తరం జతచేశాను. ఆలోచన ఎలా పుట్టిందో రాయకుండా వదిలేశానేమిటని ఆయన అడుగుతారని, కారణం ఇదీ అని, ఇది మీవరకే ఉంచండి అని, మొత్తం ఇంగ్లీషులోనే రాసి పెట్టాను. ఎందుకు రాశానని ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో నన్ను నేనే. సొంత అన్నలాంటి మనిషి దగ్గర దాపరికమేమిటనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది, ఒప్పుకోవాలి. ఆ కథ విన్నాక, ఎవరితోనో ఒకరితో పంచుకోకుండా ఉండలేకపోయాను.

ఆ తరవాత అన్నయ్యగారు ఒక ఇంగ్లీషు కాగితం పంపితే, దాన్ని అక్కకి తెలుగులో చదివి వినిపించి సంతకం పెట్టించాను. ఫోటోలు, వివరాలు వాడుకోవడానికి అభ్యంతరం లేదని ఉంది అందులో. "మీరు చదివారుగా, ఇంకేంటండి" అని ఆవిడ వంకర టింకరగా తన పేరు రాసింది.

కొన్ని నెలలకు అవార్డు వచ్చింది. పేపర్లో అన్నయ్యగారి ఫోటో పడింది. ఫోన్ చేస్తే, "వ్యక్తులకంటే సంస్థకైతేనే వాళ్లు మొగ్గు చూపుతారు చెల్లెమ్మా. సంస్థ తరఫున నేను తీసుకుంటున్నాను, అంతే. అక్క పేరు అప్లికేషన్ లోపల ఉంది" అన్నారు. మనసు చివుక్కుమంది. అయినా సర్దుకున్నాను. ఆయన మాట మీద అనుమానపడటం నాకు అలవాటు లేదు.

ఆయన విదేశం వెళ్లి అవార్డు తీసుకుని వచ్చాక ఏలూరులో ఒక కల్యాణమండపంలో సన్మానం పెట్టారు. లంక ఊళ్ల నుంచి వ్యానుల్లో జనాన్ని తెచ్చారు. అక్కని వేదిక మీద కూర్చోబెట్టారు. ఆకుపచ్చ చీర కట్టుకుంది, కొత్తది. ఆవిడ భర్త నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. వచ్చినప్పటినుంచీ ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది. "అంత పెద్దోళ్ల పక్కన కూకోబెట్టేరండి దాన్ని" అని రెండుసార్లు అన్నాడు నాతో.

ఉపన్యాసాలయ్యాక అవార్డు సభలో చూపించిన సినిమా వేశారు. పది నిమిషాలది. ఇంగ్లీషు మాటల స్థానంలో తెలుగు గొంతు పెట్టారు. నీళ్లు, పడవలు, ఎర్రగుడ్డలు కనబడ్డాయి. తరవాత అక్క మొహం తెర నిండా వచ్చింది. ఆ గొంతు చెప్పసాగింది: ఈ అమాయకపు తల్లి అవగాహన లేక, నొప్పులొస్తున్నాయని కూతురు మధ్యాహ్నమే మొరపెట్టుకున్నా వినకుండా ఇంట్లోనే వదిలి వెళ్లింది, ఆ నిర్లక్ష్యానికి రెండు ప్రాణాలు బలయ్యాయి, ఆ కన్నీళ్లు చూసి చలించిన ఒక మనిషి ఈ ఊళ్లకు ఎర్రజెండా నేర్పాడు.

తెర వేదిక వెనక ఉంది కాబట్టి అక్కకి బొమ్మ కనబడదు. మాటలు మాత్రం వినబడుతున్నాయి. ఆవిడ తల వంచుకోలేదు. ఎదురుగా జనంలోకి, సరిగ్గా మా కుర్చీల వైపు చూస్తోంది.

పక్కనున్న అక్క భర్త నావైపు తిరిగాడు.

"మజ్జాన్నమే చెప్పిందాండీ పిల్ల?"

నేను తల దించుకున్నాను. దాంతోనే ఆయనకు జవాబు దొరికింది. కండువా భుజాన వేసుకుని లేచి బయటికి వెళ్లిపోయాడు.

"ఆ తల్లి చేతుల మీదుగా మన సార్‌కి పూలమాల" అని మైకులో పిలిచారు. అక్క లేచి వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. వేదిక దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"ఆ మాట మీకొక్కళ్లకే చెప్పానుగదండీ?"

అంతే. వ్యాను దగ్గరికి వెళ్లిపోయింది. భోజనం కూడా చేయలేదు.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి అన్నయ్యగారి ఆఫీసుకు వెళ్లాను. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. బల్ల మీద అవార్డు వాళ్లు అచ్చువేసిన పుస్తకం ఉంది. తెరిచి చూశాను. అన్నీ నా వాక్యాలే. నేను ఆమె అని రాసిన చోటల్లా ఆయన అని ఉంది. మిగతాదంతా కామాలతో సహా నాదే.

"మీవరకే ఉంచమని రాశాను కదా అన్నయ్యగారూ" అన్నాను.

"కోపం వచ్చిందా చెల్లెమ్మా? చూడు, వాళ్లకి వందల అప్లికేషన్లు వస్తాయి. గుండెని పట్టుకునేది ఒకటుండాలి. ఆ పిల్ల సంగతి చదివి అక్కడ కమిటీలో ఒకావిడ ఏడ్చిందట. అది నీ ఇంగ్లీషు గొప్పతనమే."

"సినిమాలో అన్నట్టు నిర్లక్ష్యం అని నేను రాయలేదండీ. ఎర్రగుడ్డ మీరు నేర్పారనీ రాయలేదు."

"పేరు ఎవరిదైతే ఏమిటమ్మా? ఈ అవార్డు వల్ల ఇంకో నలభై ఊళ్లకి పని వెళుతుంది. ఆవిడకి అవార్డొచ్చుంటే ఏం చేసుకునేది? గోడకి తగిలించుకునేది."

ఆయన వెనక గోడకి ఆ అవార్డు తగిలించే ఉంది. నాన్నగారి గుమ్మంలో నిలబడ్డ మనిషి ఈయనేనా అని మొహంలోకి వెతికి చూశాను. ఆయనే. ఏ మార్పూ లేదు. అదే మెత్తటి గొంతు, అదే మర్యాద. నన్ను గేటుదాకా సాగనంపి, "అమ్మని అడిగానని చెప్పు" అన్నారు.

ఇంటికొచ్చి అవార్డు కమిటీకి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు పట్టింది. జరిగిందంతా వరసగా, తేడా రాకుండా రాశాను. ఎర్రగుడ్డ ఎవరిదో రాశాను. నాకు చెప్పిన రహస్యం ఎలా బయటికి వెళ్లిందో, అందులో నా తప్పెంతో రాశాను. ఇన్నాళ్లూ నేర్చుకున్న ఇంగ్లీషంతా దీనికోసమే అనిపించింది. అయితే ఈసారి అక్కకి చెప్పకుండా పంపకూడదనుకున్నాను. ఆదివారం జీపు లేదు. బస్సూ ఆటోలూ మారి, చివర ఒక పడవాయన్ని బతిమాలుకుని ఊరు చేరాను.

ఊళ్లో ప్రతి ఇంటి ముందూ ఎర్రజెండా ఉంది. కొత్తవి, నున్నటి గుడ్డ, మధ్యలో సంస్థ గుర్తు. చూడటానికి వచ్చేవాళ్ల కోసం అన్ని ఇళ్లకూ కట్టించారట. నెలలు నిండిన మనిషి ఉన్న ఇల్లేదో, ముసలివాళ్లుండే ఇల్లేదో తెలిసే దారి లేదు.

అక్క అరుగు మీద కూర్చుని వల చిక్కు తీస్తోంది. కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. "అన్ని ఇళ్లకీ కడితే నీళ్లొచ్చినప్పుడు ఎలా అక్కా?" అన్నాను.

"వేరే గుర్తు పెట్టుకున్నామండి."

"ఏం గుర్తు?"

చేతిలో వల వైపే చూస్తూ, "మా వోళ్లకి తెలుసండి" అంది.

ఇక అడగలేదు. ఆవిడ భర్త లోపలే ఉన్నాడు, బయటికి రాలేదు. ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడటం లేదట. "నాలుగు తిట్టినా బాగుణ్ణండి" అంది అక్క గొంతు తగ్గించి. "పొద్దున్నే లేచి పనికిపోతాడు, వచ్చి తింటాడు. పిల్ల ఫోటో తీసి తన పెట్లో పెట్టుకున్నాడు."

నేను క్షమించమన్నాను. ఆవిడ వల చిక్కు తీస్తూనే ఉంది. సంచిలోంచి ఉత్తరం తీసి, తెలుగులో చెబుతూ చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీ సగంలో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది అక్కడోళ్లందరూ చదువుతారాండీ?"

"చదువుతారక్కా. తప్పు సరిదిద్దాలి కదా. మీ పని మీదని వాళ్లకి తెలియాలి."

"ఇందులో మా పిల్ల సంగతుందాండీ?"

ఉంది. అది లేకుండా జరిగిన మోసం చెప్పడం కుదరదు. ఉందన్నాను.

"అయితే పంపకండి" అంది. "అది మజ్జాన్నం అడిగిందనీ, నేను పోనియ్యలేదనీ మళ్లీ ఇంకోసారి చదువుతారా? చాలండి. ఆయన మంచికోసమనే చెప్పేడు. మీరూ మంచికోసమనే చెబుతున్నారు. నాకొద్దండి, టీచరుగారు."

ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాను. అక్క లేచి పక్కింటి మనిషిని కేకేసి, నన్ను రోడ్డు దగ్గర దింపి రమ్మంది. పడవలో కూర్చున్నాక ఒడ్డు వైపు చూశాను. ఆవిడ మళ్లీ వల పట్టుకుని కూర్చుంది.

ఆ ఉత్తరం పంపలేదు. అన్నయ్యగారి సంస్థకి మాట అందించడం మానేశాను. ఎందుకు మానేశావని ఆయన మా అమ్మకి ఫోన్ చేసి బాధపడ్డారు. అమ్మకి జరిగింది చెప్పలేదు. చెప్పాలంటే ఆ పిల్ల సంగతి చెప్పాలి. ఆయన నన్ను మోసం చేశాడన్నది నిజం. కానీ తాను చెప్పిన మాటని నేను ఇంకొకరి చేతిలో పెట్టానన్నదే అక్కకి తెలిసిన నిజం. కిందటి వానాకాలం ఆ ఊళ్లోకి నీళ్లు వచ్చాయని, ఇద్దరు బాలింతలు క్షేమంగా ఏలూరు ఆసుపత్రిలో ఉన్నారని పేపర్లో చదివాను. ఏ గుర్తు చూసి వాళ్లని ముందుగా తెచ్చారో అందులో రాయలేదు.