దైవాశీర్వాదం గారు చెప్పిన సిఫార్సు పాఠం

1982 మే నెలాఖరు, శుక్రవారం. ఒహాయో టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు పక్కన, ప్రయాణికులు కార్లాపుకొని సేదదీరే చోట, జగన్మోహన్‌కి పులిహోర వాసన తగిలింది.

ఆ రోజుల్లో మనవాళ్ళు కొత్త ఊరు చేరితే ముందు ఫోన్ బూత్‌లోకి దూరి, డైరెక్టరీలో రావులు, రెడ్లు ఎందరున్నారో వెతికేవారు. ఒక్కరు దొరికినా ఆ రాత్రికి భోజనం ఖాయం. పూర్వం కాశీకి వెళ్ళేవాళ్ళు ఊరి పెద్దమనిషి చేత ఉత్తరం రాయించుకుని బయల్దేరేవారట. ఇక్కడ పేరు చివరి తోకే ఉత్తరం. పులిహోర వాసనైతే మరీ గట్టి ఉత్తరం. జగన్మోహన్ కారుకి తాళం కూడా వేయకుండా ఆ వాసనొస్తున్న బల్ల వైపు నడిచాడు. వెనకాలే ఇరవై ఏళ్ళ కూతురు రేణు.

"తెలుగువారాండీ?"

"కాకపోతే ఈ చింతపండుతో కుస్తీ మాకెందుకండీ? కూర్చోండి, ఇంకో డబ్బా ఉంది."

ఆయన పేరు దైవాశీర్వాదం. నరసాపురం కాలేజీలో లాబ్ అటెండరుగా గాజుసామాను కడిగిన మనిషి. భార్య విమలకుమారి నర్సు. ముందు ఆవిడకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది, వెనక ఈయన వచ్చాడు. నన్ను రికమెండ్ చేసింది మా ఆవిడేనని అందరికీ చెప్పుకుని నవ్వుతాడు, నవ్వితే భుజాలు ఊగుతాయి. పదేళ్ళుగా ఇండియానాలో ఒక కాలేజీ కెమిస్ట్రీ స్టాక్‌రూమ్ కిటికీ వెనకే ఆయన కాపురం. పిల్లలకి ఫ్లాస్కులు అందించడం పని. ఆ కిటికీ గట్టు మీద కాఫీ కప్పులు పెట్టుకుని ప్రొఫెసర్లు మాట్లాడుకునేవన్నీ వినడం అదనం. ఏ కుర్రాడికి మనసుపెట్టి ఉత్తరం రాశారో, ఎవరికి పాత ఉత్తరంలోనే పేరు మార్చి టైపు కొట్టించారో ఆయనకు తెలిసినంతగా డీన్‌కి కూడా తెలియదు. ఆదివారం మాత్రం తెలుగు చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఇప్పుడు పిట్స్‌బర్గ్‌లో ప్రార్థన కూటాలకి వెళుతున్నారు. విమలకుమారి రాత్రి డ్యూటీ చేసి వచ్చి కారులో నిద్రపోతోంది.

"మీరెక్కడిదాకా?"

"క్లీవ్‌లాండ్. అమ్మాయి మెడికల్ స్కూల్‌కి అప్లై చేస్తోంది. శ్యామ్‌సుందర్ గారని పెద్ద కార్డియాలజిస్టు, మాకు దూరపు చుట్టం. రికమెండేషన్ లెటర్ అడుగుదామని షికాగో పక్కన షామ్‌బర్గ్ నుంచి బయల్దేరాం," అన్నాడు జగన్మోహన్. ఆయన ఇంజనీరు. తన మొదటి ఉద్యోగం ఒక చీఫ్ ఇంజనీరు రాసిచ్చిన రెండు వాక్యాలతో దొరికింది. అప్పట్నుంచి పెద్ద సంతకం మీద ఆయనకి పెద్ద నమ్మకం.

"ఆయన అమ్మాయిని ఎప్పుడు చూశారు?"

"అన్నప్రాసన నాడు."

"ఏం రాస్తారు మరి? పుస్తకం మీద చెయ్యేసిందనా?"

"కత్తి పట్టుకుందండీ. సర్జన్ అవుతుందని అందరూ అన్నారు."

దైవాశీర్వాదం భుజాలు చాలాసేపు ఊగాయి. రేణు తల వంచుకుని పులిహోరలో వేరుశనగలు ఏరుకుంది.

"ఏమ్మా, నీకు ఎ గ్రేడ్ ఇచ్చిన ప్రొఫెసర్ ఎవరు?"

"బయాలజీ, అంకుల్. క్లాస్‌లో త్రీ హండ్రెడ్ మంది. ఆయనకి నా నేమ్ తెలీదు."

"పేరు తెలిసినాయన?"

రేణు తండ్రి వంక చూసింది. "ఆర్గానిక్ కెమిస్ట్రీ. కానీ అందులో బి వచ్చింది. ఆయన ఆఫీస్‌కి ప్రతి వీక్ వెళ్ళి డౌట్లతో బగ్ చేశాను. నేను డంబ్ అనుకుంటారు. ఇంకా, రేపు జర్మనీ వెళ్తున్నారు, వన్ ఇయర్ లీవ్."

పులిహోర డబ్బా మూత పడింది.

"రేపా? ఏప్రిల్‌లో అడగాల్సింది తల్లీ. వాళ్ళకి రెండు నెలలైనా టైమివ్వాలి. సరే, ఇవాళ ఇంకా అయిపోలేదుగా. నేను ప్రొఫెసర్ని. తలుపు కొట్టు." కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చున్నాడు.

రేణు నవ్వాపుకుంటూ బల్ల మీద కొట్టింది. "సారీ టు బాదర్ యూ..."

"సారీతో మొదలెట్టకు. మళ్ళీ కొట్టు."

"మా అమ్మాయి చాలా..." అని జగన్మోహన్ అందుకోబోయాడు.

"నాన్నగారు కారిడార్‌లో ఉన్నారు," అన్నాడు దైవాశీర్వాదం, చెత్తడబ్బా అవతలికి వేలు చూపిస్తూ. జగన్మోహన్ నిజంగానే వెళ్ళి అక్కడ నిలబడ్డాడు.

"లెటర్ రాస్తారా అని అడక్కు. నా గురించి గట్టిగా రాయగలరా అని అడుగు. రాయలేకపోతే అప్పుడే చెప్పేస్తారు, అదీ మేలే. నీ మార్కుల కాగితం, నీ గురించి ఒక పేజీ, స్టాంపులంటించిన కవర్లు, ఏ తేదీకి చేరాలో, అన్నీ చేతిలో పెట్టు. ఇప్పుడు చెప్పు, నీ గురించి నాకేం గుర్తుంటుంది?"

రేణు చెప్పుకొచ్చింది. ఒక ప్రయోగం మూడుసార్లు పాడైందట. ప్రతిసారీ ఎందుకని ఆయన గదికి వెళ్ళి అడిగింది. గాజులో కంటికి కనపడని తేమ ఉందని చివరికి తనే పట్టుకుంది, ఫ్లాస్కులు రాత్రంతా ఓవెన్‌లో ఆరబెట్టింది, నాలుగోసారి కుదిరింది. వెనకొచ్చే బ్యాచ్ కోసం ఆ సంగతంతా ఒక పేజీ రాసిస్తే, ఆయన దాన్ని లాబ్ గోడకి అంటించారు.

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు జగన్మోహన్ కారిడార్‌లోంచి.

"బి వచ్చిందని మీరు టూ డేస్ మాట్లాడలేదు, డాడీ."

ఆయన చెత్తడబ్బా దగ్గర్నుంచి మళ్ళీ బల్ల దగ్గరికొచ్చాడు. మెల్లిగా అడిగాడు, "ప్రొఫెసర్ గారు ఏం రాశారో మనకి చూపిస్తారా?"

"చూడనని అమ్మాయి సంతకం పెట్టాలి. అప్పుడే దానికి విలువ."

"స్వీట్స్ ఏమన్నా పట్టుకెళ్ళాలా?"

"ముందు ఏమీ వద్దు. ఉత్తరం వెళ్ళాక ఒక థాంక్యూ కార్డు. సీటొస్తే అప్పుడు అరిసెలు."

జగన్మోహన్ వాచీ చూసుకున్నాడు. ఒహాయోలో పన్నెండు, షికాగోలో ఇంకా పదకొండే. ముందొచ్చే ఎగ్జిట్‌లో వెనక్కి తిరిగితే అక్కడి టైము మూడు లోపల రేణు క్యాంపస్‌లో ఉంటారు.

"శ్యామ్‌సుందర్ గారింట్లో భోజనానికి ఎదురుచూస్తుంటారండీ."

"అమ్మాయికి పని పడిందని చెప్పండి. నిజమేగా."

జగన్మోహన్ కారు దగ్గరకెళ్ళి, టోల్ కోసం దాచిన చిల్లరంతా గుప్పిట్లో తెచ్చి కూతురి చేతిలో పోశాడు. "ముందు నీ ఫోన్ చేసుకో. క్లీవ్‌లాండ్‌కి నేను తర్వాత చేస్తాను."

గాజు బూత్‌లో రేణు మాట్లాడుతోంది. ఒక్క ముక్కా వినపడలేదు. ఆమె తలాడించింది, ఏదో రాసుకుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రిసీవర్ సరిగ్గా పెట్టకుండానే పరిగెత్తుకొచ్చింది.

"డాడీ, త్రీకి రమ్మన్నారు. నువ్వు ఎప్పుడు అడుగుతావా అని చూస్తున్నాను అన్నారు. గట్టిగా రాయగలరా అంటే, ఆల్రెడీ సగం రాసేశాను అన్నారు."

జగన్మోహన్ బల్ల వైపు తిరిగాడు. దైవాశీర్వాదం అడ్రస్ రాసుకోవాలని జేబులో పెన్ను కోసం తడుముకున్నాడు. బల్ల ఖాళీగా ఉంది. డబ్బాల సంచీ భుజాన వేసుకుని, ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ, దైవాశీర్వాదం అప్పటికే కార్ల వరసల మధ్యకి వెళ్ళిపోయాడు. వెళ్ళొస్తానని చెప్పనూ లేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు.