షార్ట్‌వేవ్‌లో ఎవరో పిలుస్తున్నారు

మనిషన్నాక ఏదో ఒక రోజు నలుగురిలో నవ్వులపాలు కాక తప్పదు. కానీ ఒక పెద్దమనిషి ముందు, కన్నతండ్రి ముందు, ఒక కుంటి పొట్టేలు ముందు ఒకేసారి తల వంచుకున్న ఘనత మార్కాపురం మొత్తానికి నా ఒక్కడిదే. ఆ కథ చెబుతాను. మీరు ధారాళంగా నవ్వుకోవచ్చు. మా మస్తాన్ ఇంకా నవ్వు ఆపలేదు కాబట్టి, మీరు కొత్తగా తీసే పరువేమీ మిగల్లేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పగలు పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. మిగిలిన వేళల్లో, నా దృష్టిలో, ప్రపంచస్థాయి రేడియో పరిశోధకుణ్ని. మస్తాన్‌ది సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. దాని పైగదిలో పాత షార్ట్‌వేవ్ రేడియో ఒకటి పెట్టుకుని, మిద్దె మీద పొడుగు వైరు కట్టి, ఇద్దరం దూరదేశాల స్టేషన్లు పట్టేవాళ్లం. లోకమంతా ఫోన్లో సినిమాలు చూస్తుంటే మేం గరగర శబ్దం విని మురిసిపోయేవాళ్లం. మాలాంటి పిచ్చివాళ్లకు వాట్సాప్‌లో ఒక గ్రూపు కూడా ఉంది. దానికి పెద్దదిక్కు గిద్దలూరు సుబ్బరాయుడు గారు, వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరైనా కొత్త స్టేషను కనిపెడితే, ఆయన విని ఔనంటేనే గ్రూపు జాబితాలో వాళ్ల పేరు ఎక్కుతుంది. ఆ జాబితాలో నా పేరు చూసుకోవాలని నేను పడ్డ తపన పరీక్షల కోసం పడి ఉంటే ఈపాటికి కలెక్టర్నయ్యేవాణ్ని.

ఒక రోజు పొద్దున్నే ఆరింటికి, అంతవరకూ ఎప్పుడూ వెతకని మూలకు రేడియో ముల్లు తిప్పుతుంటే వినపడింది.

"త్రుర్ర్ర్... త్రుర్ర్ర్... బ్బా బ్బా బ్బా... హోయ్!"

మగ గొంతు. ముక్కుతో మాట్లాడుతున్నట్టుంది, మధ్యలో బుస్సుమంటోంది. పది నిమిషాలు సాగి ఆగిపోయింది. మళ్లీ సాయంత్రం ఆరింటికి అదే గొంతు. వారమంతా రెండు పూటలా అదే వరస. తెలుగు కాదు, హిందీ కాదు, ఇంగ్లీషు అంతకన్నా కాదు. ఏదో దేశపు గూఢచారుల రహస్య ప్రసారమని తేల్చేశాను.

"ఉర్దూ గూడా కాదు భాయ్" అన్నాడు మస్తాన్. "మా మామ గల్ఫులో పదేండ్లు ఉండి వచ్చినాడు గదా, ఆయనకి వినిపించినా. ఇది అసలు మనుషులు మాట్లాడుకునే భాషే కాదు అంటాండాడు."

"మీ మామకేం తెలుసురా భాషల సంగతి!" అని కొట్టిపారేశాను. పాఠకులారా, ఈ కథ మొత్తంలో తెలివైన మాట మాట్లాడిన మొదటి మనిషి ఆ మామే. దయచేసి గుర్తుపెట్టుకోండి.

మస్తాన్ అక్కడితో ఊరుకోలేదు. "గ్రూపులో బేస్తవారిపేటోళ్లకి సన్నగా వినపడతాందంట. హైదరాబాదోళ్లకి అసలే లేదంట. మనకేమో చెవులు పగిలిపోతాండాయి. దగ్గర్నుంచే వస్తాందేమో చూడు."

"దగ్గర్నుంచి ఏందిరా? మన పక్కన పెద్దారవీడులో కూర్చొని గూఢచారులు మాట్లాడతారా? ఇంత గట్టిగా వస్తాందంటే ఎంత పెద్ద దేశమో, ఎంత పెద్ద మిషనో!"

దూరపు కొండలు నునుపంటారు. నాకు దూరపు స్టేషన్లు మహా స్పష్టం.

ఇక పరిశోధన మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో అంచు విరిగిన పలకలు డజను తెచ్చుకుని, ఆ గొంతు పలికిన ప్రతి శబ్దాన్నీ తెలుగు లిపిలో ఎక్కించాను. 'త్రుర్ర్' ఇరవైసార్లు వస్తే 'హోయ్' ఒక్కసారి వస్తుంది. కాబట్టి 'త్రుర్ర్' అంటే సైనికుల సంఖ్య, 'హోయ్' అంటే దాడికి ఆజ్ఞ. సాయంత్రం ప్రసారంలో మాత్రం అన్నీ అయ్యాక "కూ...య్యో...య్" అని ఒక పొడుగాటి కూత వస్తుంది, ఒకే ఒక్కసారి. దాని ఎదురుగా పలక మీద 'పరమ రహస్యం' అని రాసి రెండు గీతలు కొట్టాను. ఇదంతా ఎనిమిది పేజీల రిపోర్టుగా కాగితం మీద రాసి, ఫొటోలు తీసి గ్రూపులో పెడితే సుబ్బరాయుడు గారు జవాబిచ్చారు: "శనివారం సాయంత్రం నేనే వస్తాను. చెవులారా విన్నాకే మాట."

ఆ వారంలోనే మా నాయన ఫోన్ చేశాడు. మాది పెద్దారవీడు పక్కన పల్లె. నాయనకు అరవై జీవాలున్నాయి. గొర్రెలూ మేకలూ కలిపి మేం అట్లాగే అంటాం. నేను మాత్రం ఆరో తరగతిలో హాస్టలుకు పోయినప్పటి నుంచీ వాటి వాసన నాకంటకుండా జాగ్రత్తపడుతూ వచ్చాను.

"ఒరే శీనా, పొట్టేలు కాలికి పుండైంది. శనివారం మార్కాపురం పశువులాస్పత్రికి తోలుకొస్తాండా. నువ్వు గూడా రారా."

"శనివారం కాదు నాయనా. అంతర్జాతీయ పనిలో ఉండా."

"అట్లనా. మరి నువ్విచ్చిన ఆ పెట్టె గూడా మూలుగుతా..."

"పెట్టె సంగతి తర్వాత చూద్దాంలే!" అని పెట్టేశాను.

శనివారం వచ్చింది. సుబ్బరాయుడు గారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, చెవిలో వెంట్రుకలు సవరించుకున్నారు. ఆరయింది. ఆరూ ఐదయింది. ఆరూ పదయింది. రేడియో గరగరమంటోందే తప్ప గొంతు లేదు.

"మనం పసిగట్టామని వాళ్లకు తెలిసిపోయిందండీ" అన్నాను చివరికి.

"ఎవరికి?" అన్నారాయన.

"వాళ్లకేనండీ!"

ఆయన గడియారం చూసుకున్నారు. ఆ చూపుకు జాబితాలోంచి నా పేరు ఎక్కకముందే దిగిపోతున్నట్టు అనిపించింది. "రికార్డింగు ఉందండీ" అని, మస్తాన్ దుకాణం ముందు పాటలు పెట్టే పెద్ద స్పీకరును కిటికీ పక్కకు లాగి, శబ్దం పూర్తిగా పెంచి వినిపించాను.

"త్రుర్ర్ర్... బ్బా బ్బా బ్బా... హోయ్!"

వీధిలో ఆటో ఒకటి కీచుమని ఆగింది. ఎవరో కేకేశారు. మెట్ల మీద టకటకా అడుగులు. తలుపు తోసుకుని, కాలికి కట్టు కట్టిన పొట్టేలు ఒకటి కుంటుతూ లోపలికొచ్చింది. దాని వెనక మూడు గొర్రెలు. పొట్టేలు నేరుగా స్పీకరు ముందుకు పోయి, చెవులు నిక్కించి, భక్తిగా నిలబడింది. ఒక గొర్రె సుబ్బరాయుడు గారి ఒళ్లోని నా రిపోర్టును మొదటి పేజీ నుంచి చదవడం, అంటే నమలడం, మొదలుపెట్టింది.

కింద నుంచి గర్జన వినపడింది. "ఎవుర్రా నా జీవాల్ని పిలుస్తాండేది?"

కర్రతో, భుజాన గుడ్డసంచితో నాయన పైకొచ్చాడు. స్పీకరు ఇంకా పలుకుతూనే ఉంది. ఆయన ఒక నిమిషం విని, గొంతు తడుముకున్నాడు.

"ఇది నా గొంతు గదరా! దీంట్లోకెట్ల పోయింది?"

నాయన సంచిలోంచి రేకుపెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని చూడగానే నాకు భూమి గిర్రున తిరిగింది. రెండేళ్ల కిందట, నాయనకు మోకాళ్ల నొప్పులని, మాటిమాటికీ జీవాల దొడ్డి దాకా నడవలేడని, నేనే నా చేతులతో చేసిచ్చిన ట్రాన్స్‌మిటర్ అది. లైసెన్సు ఊసే లేదు. ఇంటి దగ్గర రెండు వేపచెట్ల మధ్య వైరు, దొడ్డిలో ఒక పాత రేడియో. నాయన మంచం మీద కూర్చుని పిలిస్తే దొడ్డిలో జీవాలకు వినపడుతుంది. నా పనితనం మీద నాకున్న నమ్మకం కొద్దీ అది రెండు రోజుల్లో కాలిపోయి ఉంటుందనుకుని మరిచేపోయాను. అది రెండేళ్లు పనిచేసింది! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నయం. నేను భూగోళమంతా వెతికాను.

"పొద్దున్నుంచి పలకడం లా" అన్నాడు నాయన. "ఎట్లాగూ ఆస్పత్రికి వస్తాండా గదా, బాగుచేయించుకుందామని తెచ్చినా. పొట్టేల్ని ఒక్కదాన్ని తోలుకొస్తే అరిచి చస్తాదని తోడుకు ఇంకో మూడిట్ని ఎక్కించుకున్యా."

మస్తాన్ గోడకు తల ఆనించి కిందకు జారిపోయాడు. సుబ్బరాయుడు గారు మాత్రం జేబులోంచి నోటుబుక్కు తీశారు.

"అయ్యా, ఈ 'త్రుర్ర్' అంటే ఏమిటి?"

"నీళ్లకాడికి పదండని."

"మరి 'హోయ్'?"

"ఒక దొంగముండ ఉండాది సామీ, ఎప్పుడూ పక్కోళ్ల చేలో పడతాది. దాన్ని అదిలించేది."

నా దాడి ఆజ్ఞ అట్లా అదిలింపుగా తేలింది. అప్పుడే స్పీకరులోంచి ఆ చివరి కూత వచ్చింది. "కూ...య్యో...య్!" నాలుగు జీవాలూ నా వైపు తిరిగాయి.

"ఇదేమిటి?" అన్నారు సుబ్బరాయుడు గారు.

నాయన నన్ను చూసి నవ్వాడు. "అది జీవాలకు గాదు సామీ. ఈడు చిన్నప్పుడు మంద ఎంబడి వచ్చి తప్పిపోతాండె. పొద్దుగూకేటప్పుడు ఈ కూత ఏస్తే యాడున్నా ఉరికొస్తాండె. అలవాటు పోలేదు, రోజూ ఆఖర్న ఒకసారి ఏస్తా. జీవాలు గూడా నేర్చుకున్యాయి. ఈడే మర్చిపోయినాడు."

సిగ్గుతో చచ్చిపోయాననడం చిన్నమాట. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోవడానికి పొట్టేలు కట్టు సరిచేస్తున్నట్టు వంగాను. అది నా చొక్కా గుండీ కొరికింది.

సుబ్బరాయుడు గారు వెళ్తూ తీర్పు చెప్పారు. "ఈ పెట్టె మళ్లీ ఆన్ చేస్తే నేనే ఫిర్యాదు చేస్తాను. జాబితాలోకి మాత్రం ఎక్కిస్తున్నాను." ఆ సాయంత్రమే ఎక్కించారు: "భాష గుర్తించినవారు: పొట్టేలు, పెద్దారవీడు." నా పేరు లేదు.

ఇప్పుడు దొడ్డిలో మస్తాన్ బిగించిన మామూలు స్పీకరుంది, మంచం దాకా వైరుంది. శనివారం సాయంత్రాలు నేను దొడ్డి దగ్గరే ఉంటాను. నాయన ఆ చివరి కూత వేస్తే జీవాలతో పోటీపడి ఉరుకుతాను. చాలాసార్లు అవే గెలుస్తాయి.

ఇకమీదట ఏ భాషనూ పొట్టేలుకు వినిపించకుండా 'గుర్తుతెలియనిది' అని ప్రకటించనని, నాయన ఫోన్ మధ్యలో పెట్టెయ్యనని, పెద్దారవీడు మండలంలోని సమస్త జీవాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. కాగితం మీద కూడా రాశాను. సాక్షి సంతకం కోసం పొట్టేలు ముందు పెడితే, తినేసింది.